పసుపు, శల్లకి, శొంఠి: మోకాళ్ళ నొప్పికి ఏది ఎవరికి

ఫార్మసీ చదివి పదిహేనేళ్ళుగా మందుల షాపు కౌంటరు వెనక నిలబడుతున్నాను. ఒకప్పుడు మోకాళ్ళ నొప్పితో వచ్చినవాళ్ళు "ఏదన్నా నొప్పి బిళ్ళ ఇవ్వు బాబూ" అనేవాళ్ళు. ఇప్పుడు ఫోను తీసి బొమ్మ చూపిస్తున్నారు. ఒకరి ఫోనులో పసుపు క్యాప్సూల్, ఇంకొకరి ఫోనులో శల్లకి అనే చెట్టు బంకతో చేసిన మాత్ర. మరొకరైతే అమెరికా నుంచి కూతురు పంపిన డబ్బానే చేతిలో పట్టుకొస్తారు. "వీటిలో ఏది పనిచేస్తుందో చెప్పు" అంటారు. నొప్పి బిళ్ళలు ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయని, కిడ్నీలు దెబ్బతింటాయని, బీపీ పెరుగుతుందని వాళ్ళు విన్నది నిజమే. అందుకే ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను.

జవాబు మాత్రం ఒక్క పేరుతో చెప్పగలిగేది కాదు. మీ నొప్పి ఏ రకానిది, రోజూ మీరు వేసుకునే మందులేమిటి అన్న రెండు సంగతులు తెలిస్తే చాలావరకు ఎంపిక తేలిపోతుంది. వాటిలో రెండోదే ఎక్కువ ముఖ్యం. నొప్పికి సరిపడని సారం, అంటే మొక్కలోని పదార్థాన్ని చిక్కబరిచి క్యాప్సూల్‌గా అమ్మేది, కొంటే చాలాసార్లు డబ్బు, కాలం పోతాయి. వేసుకుంటున్న మందుతో పడనిది కొంటే ఆస్పత్రి పాలవుతారు.

ముందు ఆ నొప్పి ఏమిటో తేల్చుకోండి

వయసుతో వచ్చే అరుగుదలను మనవాళ్ళు "గుజ్జు అరిగిపోయింది" అంటారు. పొద్దున లేవగానే మోకాళ్ళు బిగుసుకుపోయి ఉన్నా అరగంటలోపు వదులవుతాయి. మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు నొప్పి ఎక్కువ. రోజంతా తిరిగితే సాయంత్రానికి పెరుగుతుంది. ఈ వ్యాసంలో పోల్చే మొక్కలన్నీ ఈ రకం నొప్పికే.

పొద్దున గంటకు పైగా వేళ్ళు ముడుచుకోలేకపోవడం, రెండు చేతుల చిన్న కీళ్ళూ ఒకేలా వాయడం, జ్వరం వచ్చినట్టు నీరసం, ఇవి ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత కీళ్ళ మీదే దాడి చేసే జబ్బు అది. దానికి మెథోట్రెక్సేట్ లాంటి మందులు మొదలుపెట్టడంలో జరిగే ప్రతి నెల ఆలస్యానికీ కీలు ఎముకే మూల్యం చెల్లిస్తుంది. పసుపు క్యాప్సూల్ మొదలుపెట్టి ఆ మాత్ర మానేసినవాళ్ళను చూశాను. వంకర తిరిగిన వేళ్ళు మళ్ళీ సరికావు. దయచేసి ఆ పని చేయకండి.

రాత్రికి రాత్రే కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అది గౌట్. అందులో వాడే కోల్చిసిన్ అసలు మొక్క మందే. మన కంచెల మీద పాకి, మంటలాంటి ఎరుపు పసుపు పూలు పూసే అడవినాభిలో కూడా ఉన్నది అదే పదార్థం. మాత్రలో ఉండే మోతాదు అర మిల్లీగ్రాము. అడవినాభి దుంపలో ఎంత ఉంటుందో కంటితో చూసి చెప్పలేం. ఆ దుంప తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మొక్క నుంచి వచ్చింది కాబట్టి మెత్తనిది అనుకునేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఈ దుంప గురించే.

వాపు పుట్టే దారి, మొక్కలు అడ్డుపడే చోటు

ఏది దేనికన్నా నయమో తెలియాలంటే కొంచెం లోపలికి చూడాలి. గోదావరి కాలువ లాకుల దగ్గర రెండు పాయలుగా చీలినట్టు ఊహించుకోండి. కీలులో కణం దెబ్బతిన్నప్పుడు దాని పొరలోంచి అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం విడుదలవుతుంది. ఒక పాయలో అది ప్రోస్టాగ్లాండిన్లుగా మారి నొప్పి, వేడి, వాపు తెస్తుంది. రెండో పాయలో ల్యూకోట్రైన్లుగా మారి తెల్లరక్తకణాలను పోగుచేస్తుంది.

1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లండు మతాచార్యుడు విల్లో చెట్టు బెరడు జ్వరాన్ని తగ్గిస్తోందని రాయల్ సొసైటీకి రాశాడు. 1897లో బేయర్ కంపెనీలో అదే కుటుంబానికి చెందిన రసాయనంతో ఆస్పిరిన్ తయారైంది. అయినా అది ఎలా పనిచేస్తుందో 1971లో గానీ తేలలేదు. అది మొదటి పాయ లాకు మూస్తుందని జాన్ వేన్ చూపించారు. ఆయనకు 1982లో నోబెల్ వచ్చింది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అన్నీ ఆ లాకు దగ్గరే పనిచేస్తాయి. కడుపు గోడను కాపాడేది, కిడ్నీకి రక్తం అందించేది కూడా ప్రోస్టాగ్లాండిన్లే కాబట్టి ఆ లాకు గట్టిగా మూస్తే నొప్పితో పాటు ఆ రక్షణా పోతుంది.

మొక్కల పదార్థాలు సాధారణంగా ఏ లాకునూ పూర్తిగా మూయవు. అల్లంలోని జింజరాల్ రెండు పాయల్లోనూ కొంచెం కొంచెం అడ్డుపడుతుంది. శల్లకిలోని బోస్వెల్లిక్ ఆమ్లాలు ముఖ్యంగా రెండో పాయ మీద పనిచేస్తాయి. ఆస్తమాకు వాడే మాంటెలుకాస్ట్ అడ్డుకునేది కూడా ఈ ల్యూకోట్రైన్లనే. పసుపులోని కర్క్యుమిన్ ఇంకా పైన, వాపుకు సంబంధించిన జన్యువులను మేల్కొలిపే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే స్విచ్చు దగ్గర పనిచేస్తుందని ల్యాబ్ పరీక్షల్లో కనిపించింది. ల్యాబ్‌లో అన్నది గుర్తుంచుకోండి. గాజు గిన్నెలో కణాల మీద పోసినంత కర్క్యుమిన్ మన రక్తంలోకి చేరదు. పసుపు కథ అంతా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూనే తిరుగుతుంది.

పసుపు: కూరలో వేసేది వేరు, క్యాప్సూల్ వేరు

పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు నూటికి మూడు పాళ్ళు. ఒక టీస్పూను పసుపు మూడు గ్రాములనుకుంటే అందులో కర్క్యుమిన్ 90 మిల్లీగ్రాములు. నొప్పి తగ్గిందని చూపిన పరిశోధనల్లో ఇచ్చింది రోజుకు 500 నుంచి 1500 మిల్లీగ్రాముల సారం. అంటే పప్పులో, చారులో వేసే పసుపుతో ఆ మోతాదు అందదు. రాత్రి పసుపు పాలు తాగండి, గొంతుకు హాయిగా ఉంటుంది. మోకాలి నొప్పికి మాత్రం దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

సారం సంగతికొస్తే, థాయ్‌లాండ్‌లో 367 మంది మోకాలి అరుగుదల రోగుల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధన నాకు నచ్చుతుంది. పోటీ పెట్టింది మందేమీ లేని ఉత్తుత్తి మాత్రతో కాదు, ఐబుప్రోఫెన్‌తో. ఒక గుంపుకు రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, రెండో గుంపుకు 1200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ ఇచ్చారు. నాలుగు వారాలకు నొప్పి రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా తగ్గింది. కడుపునొప్పి, కడుపులో ఇబ్బంది ఐబుప్రోఫెన్ వాడినవాళ్ళలో ఎక్కువ. 2020లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో 70 మంది మీద పన్నెండు వారాలు చూసిన మరో పరిశోధనలో నొప్పి ఉత్తుత్తి మాత్రకన్నా ఎక్కువే తగ్గింది. ఎమ్మారై తీసి చూస్తే మోకాలిలో చేరిన నీరు మాత్రం తగ్గలేదు, ఎముకల మధ్య గుజ్జు మారలేదు. కాబట్టి పసుపు సారం నొప్పిని తగ్గించవచ్చు. అరిగిన గుజ్జును తిరిగి పుట్టించదు. "గుజ్జు పెరుగుతుంది" అని ఏ ప్రకటనలో చూసినా ఆ డబ్బా పక్కన పెట్టేయండి.

కర్క్యుమిన్ ఒంటికి పట్టకపోవడానికి కారణం, అది నీళ్ళలో కరగదు, కరిగి లోపలికి వెళ్ళిన కాస్తనూ పేగు గోడ, లివర్ వెంటనే మార్చి బయటికి పంపేస్తాయి. 1998లో బెంగళూరులోని సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపరీన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే రక్తంలో చేరిన కర్క్యుమిన్ సుమారు ఇరవై రెట్లు పెరిగింది. అప్పటి నుంచి చాలా పసుపు డబ్బాల్లో మిరియాల సారం కలుపుతున్నారు.

ఇది విని అందరూ సంతోషిస్తారు గానీ నాకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. పైపరీన్ తలుపు తీసేది పసుపు ఒక్కదానికే కాదు. మన దేశంలోనే టీబీ మందు రిఫాంపిసిన్‌కు పైపరీన్ జతచేసి, 450 మిల్లీగ్రాముల మోతాదును 200కు తగ్గించిన మాత్ర తయారుచేశారు. అంత బలం ఉంది దానికి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకీ గుండె దడకూ వాడే ప్రొప్రనలాల్ కూడా పైపరీన్‌తో రక్తంలో పెరుగుతాయి. డాక్టరు లెక్కగట్టి రాసిన మోతాదు మీకు తెలియకుండానే ఎక్కువైపోతుంది. చారులో వేసుకునే మిరియాలతో ఈ భయం అక్కర్లేదు. భయమల్లా సారం తీసి క్యాప్సూల్‌లో కూర్చిన పైపరీన్‌తోనే. రోజూ రెండు మూడు రకాల మందులు వేసుకునేవాళ్ళు పైపరీన్ లేని పసుపు సారమే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

1995లో పుండ్లు మాన్పే గుణం మీద అమెరికా ఇచ్చిన పసుపు పేటెంటును మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించినప్పుడు అందరం గర్వపడ్డాం. పసుపు మన ఇంటి బిడ్డ అనుకుంటాం కాబట్టే దానివల్ల హాని అంటే నమ్మబుద్ధి కాదు. కానీ అమెరికాలో మందుల వల్ల లివర్ దెబ్బతిన్నవాళ్ళను నమోదుచేసే వైద్యుల బృందం 2022లో పసుపు సారం వాడిన పదిమంది వివరాలు ప్రచురించింది. అయిదుగురు ఆస్పత్రిలో చేరారు, ఒకరు చనిపోయారు. పదిమందిలో ఏడుగురికి హెచ్‌ఎల్ఏ-బి 35:01 అనే ఒకే జన్యు రకం ఉంది. అంటే ఇది అందరికీ వచ్చే ప్రమాదం కాదు, కొందరి ఒంటి తత్వానికి వచ్చేది. ఆ కొందరిలో మనం ఉన్నామో లేమో ముందు తెలియదు. అందుకే సారం వాడేటప్పుడు మూత్రం ముదురు రంగులో రావడం, కళ్ళు పచ్చబడటం, ఆకలి చచ్చిపోవడం, ఒళ్ళంతా దురద, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆపేసి లివర్ పరీక్ష చేయించుకోవాలి. లివర్ జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్ళు అసలు మొదలుపెట్టవద్దు. పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళకు పసుపు సారం పిత్తాశయాన్ని గట్టిగా ముడుచుకునేలా చేసి నొప్పి తెప్పించవచ్చు. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు పసుపులో ఆక్సలేట్ ఉంటుందని గుర్తుంచుకోవాలి. రక్తం తక్కువగా ఉండి ఐరన్ మాత్రలు వాడేవాళ్ళకు కర్క్యుమిన్ ఐరన్‌ను పట్టుకుని ఒంటికి చేరనివ్వదు.

వంటకు వాడే పసుపు గురించి ఒక మాట. బంగ్లాదేశ్‌లో పసుపుకు మెరుపు రావడానికి సీసం కలిసిన లెడ్ క్రోమేట్ కలుపుతున్నారని 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టారు. మనకు నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్ల కొమ్ములు దొరుకుతాయి. కొమ్ములు కొని పిండిమరలో ఆడించుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

శల్లకి: పెద్దగా పేరు లేనిది, నేను ముందు చెప్పేది

శల్లకి అంటే అందుగు చెట్టు బంక. ఎండు అడవుల్లో, రాతి గుట్టల మీద పెరిగే చెట్టు ఇది. సాంబ్రాణిలా ధూపం వేస్తారు. పసుపుకున్నంత ప్రచారం దీనికి లేదు. అరుగుదల నొప్పికి మాత్రమే అయితే, రక్తం పలచబరిచే మందులు వాడనివారికి, నేను మొదట చెప్పేది దీన్నే.

దీని మీద జరిగిన ముఖ్యమైన పరిశోధనల్లో ఒకటి మన ఏలూరులోనే జరిగింది. 75 మంది మోకాలి నొప్పి రోగులు, తొంభై రోజులు. ఏకేబీఏ అనే బోస్వెల్లిక్ ఆమ్లం 30 శాతానికి పెంచిన సారాన్ని కొందరికి రోజుకు 100 మిల్లీగ్రాములు, కొందరికి 250 ఇచ్చారు, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మాత్ర. 2008లో ఫలితం అచ్చయింది. 250 మిల్లీగ్రాములు వాడినవాళ్ళలో మొదటి వారంలోనే తేడా కనిపించింది. పరిశోధకుల్లో పలువురు ఆ సారం తయారుచేసే విజయవాడ సంస్థవాళ్ళేనన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అయినా దాన్ని నేను కొట్టిపారేయను. ఎందుకంటే అంతకుముందే 2003లో నాగపూర్‌లో 30 మంది మీద, ఎనిమిది వారాల తర్వాత గుంపులు తారుమారు చేసి చూసినప్పుడూ నొప్పి, వాపు తగ్గాయి. 2014లో, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ నోటితో తీసుకునే మూలికలన్నిటినీ పరిశీలించినప్పుడు, ఈ ఏకేబీఏ పెంచిన సారం 100 మిల్లీగ్రాములతో నొప్పి నూటికి 17 పాయింట్లు అదనంగా తగ్గుతుందని తేల్చింది. నూటికి 17 అంటే నొప్పి మాయమవడం కాదు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానేసేంత తేడా కొందరికి, ఏమీ తెలియనంత తేడా ఇంకొందరికి.

ఇది కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది కాబట్టి పరగడుపున వద్దు, భోజనం మధ్యలో వేసుకోవాలి. కొందరికి పుల్లటి తేన్పులు, పల్చటి విరేచనాలు, ఎప్పుడైనా ఒంటి మీద దద్దుర్లు. గర్భిణులు వాడకూడదు.

అల్లం, శొంఠి

పచ్చి అల్లంలో జింజరాల్ ఎక్కువ. ఎండబెట్టి శొంఠి చేస్తే అందులో కొంత షోగాల్‌గా మారుతుంది. శొంఠి ఘాటు అందుకే వేరుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పికి అల్లం పనిచేస్తుంది గానీ తక్కువ. డెన్మార్క్‌లో 2000లో ఐబుప్రోఫెన్, అల్లం, ఉత్తుత్తి మాత్ర మూడూ పోల్చితే వరుస కూడా అదే వచ్చింది, అల్లానికీ ఉత్తుత్తి మాత్రకూ మధ్య తేడా స్పష్టంగా తేలలేదు. తర్వాత అయిదు పరిశోధనలు కలిపి లెక్కగడితే కొద్దిపాటి ఉపశమనం కనిపించింది. గొంతులో, గుండెల్లో మంట వల్ల మధ్యలో మానేసినవాళ్ళూ ఎక్కువే. గ్యాస్ ట్రబుల్ ఉన్నవాళ్ళకు నేను చెప్పను.

అల్లం నిజంగా రాణించేది నెలసరి నొప్పిలో. ఇరాన్‌లో 150 మంది విద్యార్థినులకు నెలసరి మొదలైన రోజు నుంచి మూడు రోజులు, రోజుకు నాలుగుసార్లు 250 మిల్లీగ్రాముల అల్లం పొడి ఇచ్చి మెఫెనమిక్ ఆమ్లంతోనూ ఐబుప్రోఫెన్‌తోనూ పోల్చారు. మూడూ సమానంగా పనిచేశాయి. ఆ నొప్పి ప్రోస్టాగ్లాండిన్ల వల్లే వస్తుంది కాబట్టి ఇది ఆశ్చర్యం కాదు. ఇంట్లో ఆడపిల్లలకు ఈ మాట చెప్పండి. ఒక్కోసారికి పావు టీస్పూనులో సగం శొంఠి పొడి, బెల్లం కలిపి ఇచ్చినా సరిపోతుంది.

పైపూతలు, ఆకులు

ఒకటో రెండో కీళ్ళు మాత్రమే నొప్పిగా ఉన్నవాళ్ళు, ముఖ్యంగా రోజుకు గుప్పెడు మాత్రలు మింగే పెద్దవాళ్ళు, మింగే సారాల కన్నా ముందు పైపూత ఆలోచించాలి. మిరపకాయ కారానికి మూలమైన క్యాప్సైసిన్ 0.025 నుంచి 0.075 శాతం వరకు క్రీముల్లో దొరుకుతుంది. అది వాపును తగ్గించేదానికన్నా నొప్పి వార్త మోసుకెళ్ళే నరాన్ని అలసిపోయేలా చేస్తుంది. నరంలో క్యాప్సైసిన్ తాకే చోటును 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ దక్కింది. రోజుకు మూడు నాలుగుసార్లు, రెండు మూడు వారాలు వదలకుండా రాస్తేనే ఫలితం. మొదటి వారం మండుతుంది, అక్కడ భయపడి మానేసేవాళ్ళే ఎక్కువ. అమెరికా కీళ్ళ వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో దీన్ని మోకాలికి వాడవచ్చంది, చేతి వేళ్ళకు వద్దంది. వేళ్ళకు రాస్తే కళ్ళలో పడుతుంది కాబట్టి. అదే సంఘం మోకాలికి ఇంకా గట్టిగా సిఫారసు చేసింది డైక్లోఫెనాక్ లాంటి మందుల జెల్‌ను. అది మొక్క మందు కాదు. కానీ రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది కాబట్టి, మాత్రలంటే భయపడేవాళ్ళకు దాని గురించి చెప్పకపోవడం తప్పనిపిస్తుంది.

బాములు, స్ప్రేలలో ఘాటైన వాసనకు కారణం ఎక్కువగా మిథైల్ సాలిసిలేట్, అంటే గంధపూర తైలంలో ఉండేది. ఆస్పిరిన్‌కు దగ్గర బంధువు. ఎప్పుడన్నా రాస్తే పరవాలేదు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్ళు రోజూ ఒళ్ళంతా పట్టించుకోకూడదు.

ఇక వావిలాకు. బాలింత స్నానానికి వావిలాకు కాచిన నీళ్ళు వాడిన ఇళ్ళలోనే మనలో చాలామంది పుట్టాం. ఆ ఆకులో వాపు తగ్గించే పదార్థాలు ఉన్నట్టు జంతువుల మీద పరీక్షల్లో తేలింది, మనుషుల మీద పెద్ద పరిశోధనలు లేవు. నా లెక్కన అక్కడ సగం పనిచేసేది వేడి నీళ్ళు. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు, బిగుసుకున్న కీలుకు వేడి మంచి మందే. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు మాత్రం నీళ్ళ వేడిని ఇంకొకరి చేతితో చూపించుకోవాలి. ఆముదం రాసి కాపిన జిల్లేడాకు కట్టేవాళ్ళు పాలు కంట్లో పడకుండా జాగ్రత్తపడాలి, కంటి పొర దెబ్బతింటుంది. నల్లేరు పచ్చడి రుచికి తినండి.

తిప్పతీగ సంగతి వేరు. కోవిడ్ రోజుల్లో ఇంటింటా కషాయం కాచారు. 2021లో ముంబయి వైద్యులు ఆరుగురికి లివర్ దెబ్బతిన్నట్టు, తర్వాత దేశంలోని పదమూడు ఆస్పత్రుల వైద్యులు కలిసి 43 మంది గురించీ రాశారు. వాడింది తిప్పతీగేనా, దాన్ని పోలిన వేరే తీగా అని ఆయుష్ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ వాదన ఎలా ఉన్నా, తిప్పతీగ రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మొక్క. కీళ్ళవాతం, లూపస్, థైరాయిడ్ మీద సొంత ఒళ్ళే దాడిచేసే జబ్బు ఉన్నవాళ్ళు దాని జోలికి వెళ్ళకూడదు.

వేసుకునే మందులతో పడుతుందా

మా షాపుకు వచ్చే ఒక పెద్దాయనకు గుండె వాల్వు మార్చారు. ఒకరోజు పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగడం లేదని మౌత్‌వాష్ అడిగారు. వార్ఫరిన్ వాడుతున్నారని నాకు తెలుసు. కొత్తగా ఏమన్నా మొదలుపెట్టారా అంటే "మందులేం లేవయ్యా, అబ్బాయి పసుపు క్యాప్సూల్స్ పంపాడు, అంతే" అన్నారు. అప్పటికప్పుడు ల్యాబ్‌కు పంపిస్తే రక్తం గడ్డకట్టే పరీక్ష ఐఎన్‌ఆర్ ఉండాల్సిన దానికి రెట్టింపు దాటింది. సమయానికి డాక్టరు సర్దారు. న్యూజిలాండ్ మందుల నియంత్రణ సంస్థ 2018లో ఇలాంటి హెచ్చరికే ఇచ్చింది. అక్కడ ఒక రోగి ఐఎన్‌ఆర్ పది దాటింది.

కాబట్టి వార్ఫరిన్, అసిట్రోమ్, క్లోపిడోగ్రెల్, రోజూ ఆస్పిరిన్, వీటిలో ఏది వాడుతున్నా పసుపు, శల్లకి, అల్లం మూడింటి సారాలూ వద్దు. స్టెంటు వేసినవాళ్ళందరూ ఈ గుంపులోకే వస్తారు. వాళ్ళకు క్యాప్సైసిన్ లాంటి పైపూత, వేడి కాపడం, తొడ కండరం బలపడే వ్యాయామం. మోకాలి ఆపరేషన్ తేదీ ఖాయమైనవాళ్ళు రెండు వారాల ముందే సారాలన్నీ ఆపాలి. రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడేవాళ్ళకు పసుపు సారం ఆ మందు బలాన్ని తగ్గిస్తుందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2019లో చూపించారు. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు పసుపు సారం మొదలుపెట్టిన కొత్తలో షుగర్ తరచుగా చూసుకోవాలి, కొంచెం పడిపోవచ్చు.

కిడ్నీ పనితనం తగ్గినవాళ్ళకు నొప్పి బిళ్ళలూ వద్దు, పసుపు సారమూ వద్దు. శ్రీకాకుళం ఉద్దానం వైపు వాళ్ళు ఎవరన్నా అడిగితే నేను ముందు క్రియాటినిన్ పరీక్ష చీటీ చూపించమంటాను.

డబ్బా మీద ఏం చదవాలి

"పసుపు 500 మి.గ్రా." అని రాసి ఉంటే అది పసుపు పొడి కావచ్చు. అందులో కర్క్యుమిన్ 15 మిల్లీగ్రాములే. "పసుపు సారం, 95 శాతం కర్క్యుమినాయిడ్లు" అని ఉంటేనే ఆ 500లో 475 ఉన్నట్టు. రెండు డబ్బాలూ పక్కపక్కన పెడితే చూడటానికి ఒకేలా ఉంటాయి. శల్లకికి ఏకేబీఏ శాతం రాశారా చూడండి. ఊరికే "బోస్వెల్లియా" అని రాసి ఊరుకున్నది కొనకండి. పైపరీన్ ఉందా లేదా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. పసుపు, శల్లకి, అల్లం, అశ్వగంధ, గుగ్గులు అన్నీ కలిపిన డబ్బాలు నేను సలహా ఇవ్వను. పనిచేస్తే ఏది పనిచేసిందో తెలియదు, పడకపోతే ఏది పడలేదో తెలియదు.

అమెరికా నుంచి వచ్చిందంటే పరీక్షించి అమ్మిందే అని చాలామంది నమ్మకం. అక్కడి 1994 చట్టం ప్రకారం ఇలాంటి సప్లిమెంట్లకు అమ్మకానికి ముందు మందులకు ఉన్నట్టు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులు కొని పరీక్షిస్తే అయిదో వంతులో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ కనిపించాయని 2008లో అమెరికా పరిశోధకులు రాశారు. అమెరికాలో తయారైనవి, మన దేశంలో తయారైనవి రెండూ ఆ విషయంలో దాదాపు సమానం.

అన్నిటికన్నా ప్రమాదం లేబులే లేని పొడి. "రెండు రోజుల్లో లేచి పరుగెడతావు" అని పొట్లం కట్టి ఇచ్చేది. ఏ మొక్కా రెండు రోజుల్లో అలా చేయదు. అలా చేసిందంటే అందులో స్టెరాయిడ్ ఉందని అనుమానించాలి. ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి విపరీతంగా పెరగడం, షుగర్ ఉన్నట్టుండి మూడు వందలు దాటడం దాని గుర్తులు. నెలల తరబడి వాడినవాళ్ళు ఇది చదివి ఉన్నపళాన మానేయకండి. అది ఇంకా ప్రమాదం, కళ్ళు తిరిగి పడిపోతారు. డాక్టరు దగ్గర కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

ఎనిమిది వారాలు

అన్నీ చూసుకుని ఒకటి ఎంచుకున్నారనుకుందాం. అది ఒక్కటే మొదలుపెట్టండి. రోజూ ఒకే వేళ మీ ఇంటి మెట్లు దిగి, నొప్పికి పదికి ఎంత వేస్తారో క్యాలెండరు మీద రాయండి. ఎనిమిది వారాలకు ఆ అంకె కనీసం రెండు తగ్గకపోతే ఆపేయండి, ఇంకో డబ్బా కొనవద్దు. తగ్గితే మూడో నెల చివర ఒక లివర్ పరీక్ష చేయించుకుని కొనసాగించవచ్చు. ఈలోగా బరువు ఒక కిలో తగ్గినా ప్రతి అడుగుకీ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని కొలిచి చూపించారు. ఏ సారానికీ అంత లెక్క లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ డబ్బాను కూడా సంచిలో పెట్టుకోండి. "ఏం మందులు వాడుతున్నారు" అని అడిగితే మనవాళ్ళు బీపీ మాత్ర, షుగర్ మాత్ర చెప్పి ఊరుకుంటారు, పసుపు క్యాప్సూల్‌ను మందుగా లెక్కవేయరు. పేరు గుర్తుండకపోయినా పరవాలేదు, వెనక లేబుల్ చూపిస్తే చాలు.